సంక్రాంతికి కుక్కలను బోర్డింగ్‌లో వదలాలంటే: టీకా కార్డులో ముద్రలు కాదు, తేదీలు చూడాలి

మీరు రాసిన విషయాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుందాం. మీరు కొంపల్లిలో ఉంటారు. మీ ఇంట్లో ఆరేళ్ల మగ బీగిల్, పదకొండు వారాల ఆడ లాబ్రడార్ పిల్ల ఉన్నాయి. బీగిల్ వారానికి మూడు రోజులు డేకేర్‌కు వెళ్లి, నవంబరు చివరి వారంలో అక్కడి నుంచి దగ్గు తెచ్చుకుంది. రెండు రోజులుగా దగ్గు లేదు. పిల్లకు ఆరో వారంలో ఒక టీకా, తొమ్మిదో వారంలో ఒక టీకా పడ్డాయి. జనవరి 11 నుంచి 18 వరకు మీరు సంక్రాంతికి రాజమహేంద్రవరం వెళుతున్నారు, రెండింటినీ ఒకే బోర్డింగ్‌లో వదలాలనుకుంటున్నారు. అక్కడివారు ‘టీకా కార్డు ఉంటే చాలు’ అన్నారు. నిజంగా చాలా అని మీ ప్రశ్న.

చాలదు. మీ బీగిల్‌ను కొన్ని జాగ్రత్తలతో వదలవచ్చు. పిల్లను మాత్రం ఈ సంక్రాంతికి పది కుక్కలుండే చోట వదలవద్దనే నా సలహా. నేను పందొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తున్నాను. అందులో ఆరేళ్లు క్లినిక్ వెనుక ఎనిమిది గదుల బోర్డింగ్ కూడా నడిపాను. ఆ ఆరేళ్లలో చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నది పుస్తకాల నుంచి నేర్చుకున్నదానికి తక్కువేమీ కాదు కాబట్టి, కారణాలు కొంచెం వివరంగానే రాస్తాను.

కార్డు మీద ఉన్న ముద్ర టీకా వేశారని చెబుతుంది, అది పనిచేసిందని చెప్పదు. పుట్టిన తొలి రోజున తాగే ముర్రుపాల ద్వారా తల్లి నుంచి పిల్లకు రక్షణ వస్తుంది. ఆ రక్షణ బలంగా ఉన్నంతకాలం మనం వేసే టీకాను కూడా అది పనిచేయనివ్వదు. అది వారం వారం తగ్గుతూ పోతుంది, కానీ ఏ వారానికి టీకాకు దారి ఇచ్చేంతగా తగ్గుతుందో ఒక ఈతలో పుట్టిన పిల్లల్లోనే ఒక్కో పిల్లకు ఒక్కో విధంగా ఉంటుంది. ఒకదానికి ఎనిమిదో వారం కావచ్చు, దాని తోబుట్టువుకు పదిహేనో వారం కావచ్చు. మధ్యలో ఒక ప్రమాదకరమైన కాలం ఉంటుంది: అప్పుడు తల్లి ఇచ్చిన రక్షణ నిజమైన వైరస్‌ను ఆపలేనంత బలహీనంగా, టీకాను మాత్రం అడ్డుకునేంత బలంగా ఉంటుంది. అందుకే మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ మళ్లీ టీకా వేస్తాం. చాలామంది వీటిని ‘బూస్టర్లు’ అంటారు గానీ, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియక పదేపదే వెళ్లి తట్టడం లాంటి పని ఇది. వరల్డ్ స్మాల్ యానిమల్ వెటర్నరీ అసోసియేషన్ మార్గదర్శకాలు పిల్లల టీకాల్లో చివరి మోతాదు పదహారు వారాలు నిండాక పడాలని చెబుతాయి. దానిపైన ఏడాది దాకా ఆగకుండా ఇరవై ఆరు వారాల ప్రాంతంలో ఇంకొక మోతాదు వేయమని 2024 నాటి మార్గదర్శకాల్లోనూ ఉంది.

ఇప్పుడు మీ పిల్ల తేదీలు చూద్దాం. జనవరి 11 నాటికి దానికి సరిగ్గా పదహారు వారాలు నిండుతాయి. అంటే అన్నింటికంటే నమ్మదగిన మోతాదు పడవలసిన రోజే మీరు దాన్ని బోర్డింగ్ గుమ్మంలో దించుతారు. ఆ మోతాదు రక్షణగా మారడానికి కనీసం వారం పది రోజులు ఇవ్వాలని నేను లెక్క వేసుకుంటాను. ఈ మధ్యలో పన్నెండో వారంలో వేయించే టీకా పనిచేయవచ్చు, బహుశా పనిచేస్తుంది కూడా. కానీ ఆ ‘బహుశా’ మీద ఆధారపడి సంక్రాంతి రద్దీలోకి పిల్లను పంపడం నాకు ఇష్టం లేదు. ఆరో వారంలో పెంపకందారు వేయించిన మొదటి మోతాదును నేను అసలు లెక్కలోకే తీసుకోను. కార్డులో ప్రతి మోతాదు పక్కన టీకా సీసా నుంచి తీసిన చీటీ, డాక్టరు సంతకం, తేదీ ఉన్నాయో లేదో కూడా చూడండి. మందుల షాపులో టీకా కొని, ఐస్ లేకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మోటారు సైకిల్ మీద ఇంటికి తీసుకెళ్లి వేసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలసిన మందు ఎండలో తిరిగితే, కార్డులో ఎన్ని ముద్రలున్నా ఉపయోగం లేదు.

ఇంత జాగ్రత్త చెప్పడానికి ప్రధాన కారణం పార్వో. 1978లో తొలిసారి గుర్తించిన ఈ వైరస్ రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. దీనితో ఉన్న అసలు చిక్కు రెండు సంగతుల్లో ఉంది. మొదటిది, కుక్కకు వాంతులు మొదలు కావడానికి కొన్ని రోజుల ముందు నుంచే దాని మలంలో వైరస్ వస్తుంటుంది. లోపలికి వెళ్లాక సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాలకు జబ్బు బయటపడుతుంది. అందుకే ‘ఆరోగ్యంగా ఉన్న కుక్కలనే తీసుకుంటాం’ అనే మాటకు పార్వో విషయంలో పెద్ద విలువ లేదు. రెండోది, వైరస్‌కు పైన కొవ్వు పొర లేదు కాబట్టి సబ్బుకు, చేతికి రాసుకునే శానిటైజర్‌కు లొంగదు. నీడపట్టున, తేమ ఉన్న చోట నెలల తరబడి, ఒక్కోచోట ఏడాది దాకా కూడా బతికి ఉంటుంది. వైద్యం అందని పిల్లల్లో ఎక్కువ భాగం చనిపోతాయి, సకాలంలో ఆసుపత్రిలో చేర్చి సెలైన్, మందులు నడిపితే ఎక్కువ భాగం బతుకుతాయి.

నా బోర్డింగ్ రెండో ఏడాదిలో మూడు నెలల షిట్జు పిల్లను తీసుకువచ్చారు. కార్డులో రెండు ముద్రలున్నాయి, యజమానులకు ఆ సాయంత్రమే విమానం ఉంది, కాదనలేక చేర్చుకున్నాను. మూడో రోజు పొద్దున అది పెరుగన్నం గిన్నె వాసన చూసి వెనక్కి తిరిగి పడుకుంది. మధ్యాహ్నానికి నురగ లాంటి వాంతి, సాయంత్రానికి రక్త విరేచనాలు. ఆ వాసన ఈ వృత్తిలో ఉన్నవారెవరూ పొరబడలేనిది. ఆరు రోజులు సెలైన్ మీద ఉండి ఆ పిల్ల బతికింది. ఆ గదిని నేను మూడుసార్లు ఫినాయిల్‌తో కడిగించి, మూడు వారాలు ఖాళీగా ఉంచి, తరువాత ఒక అయిదు నెలల పగ్‌ను అందులో ఉంచాను. దానికి అప్పటికి ఒక్క టీకాయే పడింది. ఆరో రోజున అదే వాంతి, అదే వాసన. ఆ పగ్ బతకలేదు. మా బోర్డింగ్‌లో అడుగుపెట్టినవారు ఆ ఫినాయిల్ వాసన పీల్చి ‘ఎంత శుభ్రంగా ఉంచారండీ’ అని మెచ్చుకునేవారు. నేనూ అదే నమ్మాను. ఫినాయిల్ పార్వో వైరస్‌ను చంపదు.

కాబట్టి మీరు చూడబోయే బోర్డింగ్‌లో ఏ వాసన వస్తోందని కాక, ఏ మందు ఎంత సేపు వాడుతున్నారని అడగండి. పార్వోను చంపేది క్లోరిన్. మార్కెట్‌లో దొరికే అయిదు శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు చొప్పున కలిపితే సరిపోతుంది. అది దొరకనిచోట మంచి బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు అయిదు గ్రాములు వేసినా దాదాపు అదే బలం వస్తుంది. అయితే క్లోరిన్‌కు మురికి పడదు. మలం, వెంట్రుకలు, జిడ్డు ఉన్న గచ్చు మీద పోస్తే ఆ మురికితోనే అది ఖర్చైపోతుంది. ముందు మలం ఎత్తి, సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, ఆ తరువాతే బ్లీచ్ పోసి, గచ్చు పది నిమిషాలు తడిగా ఉండేలా చూసి, మళ్లీ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. కలిపిన ద్రావణం మరుసటి రోజుకు బలం తగ్గుతుంది, మూతి కట్టని బస్తాలో నెలల తరబడి ఉన్న పౌడర్‌లో సున్నం తప్ప మిగిలేది తక్కువ. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో కలిపి పోస్తే విషవాయువు వస్తుందని ఊడ్చి తుడిచే మనిషికి చెప్పి ఉన్నారా అని కూడా అడగండి. ఆ మనిషి ఊపిరితిత్తులు కూడా మన లెక్కలో ఉండాలి. ఇక పచ్చిక మైదానాన్ని, ప్రకటనల ఫొటోల్లో అందంగా కనిపించే కృత్రిమ పచ్చికను నిజంగా శుద్ధి చేయడం దాదాపు అసాధ్యం. టీకాలు పూర్తికాని పిల్లకు ఆ పచ్చికే అన్నింటికంటే ప్రమాదకరమైన చోటు.

ఇక మీ బీగిల్ దగ్గు. మీరు రాసిన తీరు, అంటే గొంతులో ఎముక అడ్డం పడినట్టు పొడిగా దగ్గి చివరికి తెల్లని నురగ కక్కడం, అయినా తిండి ఆట మామూలుగా ఉండడం, కెన్నెల్ కాఫ్‌కు సరిపోతుంది. ఇది ఒక్క క్రిమి వల్ల వచ్చేది కాదు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లూయెంజా వైరస్, అడినోవైరస్-2, ఇంకా మరికొన్ని కలిసి తెచ్చే జబ్బుల గుంపుకు అది ఉమ్మడి పేరు. సోకిన రెండు నుంచి పది రోజుల్లో దగ్గు మొదలై, ఎక్కువ కుక్కల్లో ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. దగ్గు ఆగినంత మాత్రాన క్రిమి వెళ్లిపోయినట్టు కాదు. బోర్డెటెల్లా కొన్ని కుక్కల శ్వాసనాళంలో వారాల తరబడి నిలిచి ఇతర కుక్కలకు అంటుతూనే ఉంటుంది. మా దగ్గర నేను పెట్టుకున్న నియమం, చివరి దగ్గు వినిపించిన రోజు నుంచి కనీసం రెండు వారాలు ఏ కుక్కా ఇతర కుక్కల్లో కలవకూడదని. ఆ లెక్కన మీ బీగిల్‌ను డిసెంబరు మూడో వారం దాటేదాకా డేకేర్‌కు పంపవద్దు, వాళ్లు నెల రుసుము ముందే తీసుకున్నా సరే. ఇంట్లో పిల్లను కూడా దాని నీళ్ల గిన్నెకు దూరంగా ఉంచండి. పిల్లల్లో ఈ దగ్గు న్యుమోనియాగా మారే అవకాశం పెద్దవాటికంటే ఎక్కువ.

ఈ దగ్గుకు ముక్కులో చుక్కలుగా వేసే టీకా ఉంది. ఒక్క మోతాదుతో కొద్ది రోజుల్లోనే రక్షణ మొదలవుతుంది, ఇంజెక్షన్‌గా వేసే రకానికైతే రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు కావాలి. బోర్డింగ్‌కు కనీసం ఒక వారం ముందు ముక్కు టీకా వేయించండి, ఎందుకంటే అది వేశాక ఒకటి రెండు రోజులు తుమ్ములు, ముక్కు కారడం ఉండవచ్చు, దాన్ని చూసి బోర్డింగ్ వాళ్లు జబ్బు కుక్క అని వెనక్కి పంపవచ్చు. దగ్గుకు యాంటీబయాటిక్ వాడుతూ ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ముక్కులో వేసేది బతికున్న క్రిమి కాబట్టి ఆ మందు దాన్ని కూడా చంపి టీకాను వృథా చేస్తుంది. ముక్కులో వేయవలసినదాన్ని పొరపాటున చర్మం కింద వేస్తే చీముగడ్డ మొదలు కాలేయానికి దెబ్బ తగిలేదాకా ప్రమాదాలు ఉన్నాయి కనుక ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. ఈ టీకా దగ్గును పూర్తిగా ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వచ్చినా తేలికగా పోయేలా చేస్తుంది, ఇతరులకు అంటడం తగ్గిస్తుంది. అంతవరకే దాని పని, ఆ పనికి అది విలువైనదే.

దగ్గును ఆపడంలో టీకా ఎంతో గాలి కూడా అంతే. మన నగరంలో ఇప్పుడు ప్రతి బోర్డింగ్ ‘ఏసీ గదులు’ అని ప్రకటిస్తోంది. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది, బయటి గాలిని లోపలికి తేదు. పన్నెండు కుక్కలున్న మూసిన గదిలో ఒక కుక్క దగ్గితే ఆ గాలినే మిగతా పదకొండూ రాత్రంతా పీలుస్తాయి. కుక్కలను ఉంచే గదిలో గాలి గంటకు 10 నుంచి 20 సార్లు మారాలని జంతు ఆశ్రయాల నిర్వాహకులు పాటించే కొలత ఒకటి ఉంది. మీరు కొలవలేరు, కొలవనవసరమూ లేదు. గదిలో అడుగు పెట్టగానే మూత్రపు ఘాటు కళ్లకు తగులుతోందా, ఎదురెదురు కిటికీలు ఉన్నాయా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందా లేక దానికి సాలెగూళ్లు పట్టాయా చూడండి. జనవరిలో హైదరాబాద్‌కు ఏసీ అక్కరలేదు కాబట్టి మీ విషయంలో కిటికీలున్న మామూలు గదే మేలు.

డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బు గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే సరిగ్గా టీకాలు పడిన మీ బీగిల్‌కు అది దాదాపు రాదు. అయితే ఒక్క ప్రశ్న మాత్రం అడగండి: అదే ఆవరణలో వీధి కుక్కలను కాపాడి తెచ్చి ఉంచుతున్నారా? అది మంచి పనే, నేనూ చేశాను. కానీ డిస్టెంపర్ నుంచి కోలుకున్న కుక్క రెండు మూడు నెలలు కూడా వైరస్‌ను వదులుతూ ఉండవచ్చు. కాపాడి తెచ్చినవాటికి, డబ్బిచ్చి ఉంచినవాటికి వేరే గదులు, వేరే గిన్నెలు, వీలైతే వేరే మనిషి ఉండాలి. కంటి పుసులు, చిక్కని చీమిడి, జ్వరం కలిసి కనిపించిన కుక్క ఏదైనా అక్కడ తిరుగుతుంటే ఇంకేమీ అడగకుండా వెనక్కి రండి.

మన ప్రాంతంలో బోర్డింగ్ నుంచి కుక్కలు ఇంటికి తెచ్చుకునే జబ్బుల్లో నేను అన్నింటికంటే ఎక్కువగా చూసేది మాత్రం దగ్గు కాదు, పిడుదుల జ్వరం. చలి దేశాల వాళ్లు రాసే సలహాల్లో దీనికి రెండు వాక్యాలు దక్కుతాయి. ఇక్కడ ఇది ఏడాది పొడవునా ఉంటుంది. మన గోధుమరంగు కుక్క పిడుదు అడవిలో కాదు, గోడలో బతుకుతుంది. కుక్క మీద రక్తం తాగి, దిగి, గోడ ఎక్కి, పగుళ్లలోనో కిటికీ చట్రం వెనుకనో చేరి గుడ్లు పెడుతుంది. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెట్టగలదు. పిల్ల దశ నుంచి పెద్దదయ్యేదాకా మూడుసార్లు దిగి మూడుసార్లు ఎక్కుతుంది, ప్రతిసారీ దొరికిన కుక్కనే ఎక్కుతుంది. తిండి లేకుండా నెలల తరబడి ఆగగలదు. బోర్డింగ్‌లో కుక్కలు మారుతూనే ఉంటాయి, గోడ మాత్రం అదే.

అందుకే బోర్డింగ్ చూడటానికి వెళ్లినప్పుడు మీ ఫోన్‌లోని టార్చి వేసి, గచ్చు గోడా కలిసే చోట ఉన్న సందులను, తలుపు బందుల వెనుకను, మూలల్లో పైకప్పు దాకా ఒకసారి చూడండి. ఆవాల గింజలంత నల్లటి చుక్కలు గోడ మీద వరుసగా పైకి పాకుతూ కనిపిస్తే అవి పిడుదు పిల్లలు. నేను ఒకసారి ఒకరి కెన్నెల్‌లో స్కిర్టింగ్ టైలు ఒకటి ఊడితే దాని వెనుక చూశాను. అరచేతి వెడల్పు చోటులో గుడ్ల పొట్టులు, పిల్లలు, రక్తం తాగి బూడిద రంగుకు తిరిగిన పెద్ద పిడుదులు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. పైనంతా తెల్లని రంగు, గోడకు ఎముక బొమ్మలు.

ఈ పిడుదులు ఎర్లీకియా, బబేసియా వంటి రక్తజబ్బులను తెస్తాయి. ఎర్లీకియా పిడుదు కరిచిన కొన్ని గంటల్లోనే కుక్కలోకి చేరగలదు కాబట్టి, ‘ఇంటికి వచ్చాక ఒళ్లంతా వెతికి తీసేస్తాం’ అనే పద్ధతి ఆలస్యమే అవుతుంది. పిడుదు కరవగానే చచ్చేలా ముందే ఏర్పాటు ఉండాలి. నోటితో ఇచ్చే మాత్రల్లో ఫ్లూరలానెర్ సుమారు పన్నెండు వారాలు, అఫాక్సోలానెర్ ఒక నెల పనిచేస్తాయి. మూర్ఛ వచ్చే కుక్కలకు ఈ జాతి మందులు ఇచ్చే ముందు డాక్టరుతో మాట్లాడటం తప్పనిసరి. మీ బీగిల్‌కు బోర్డింగ్‌కు రెండు మూడు రోజుల ముందే ఇప్పించండి, వెళ్లే రోజు కారులో కాదు. ఇది రెండు వైపులా రక్షణ: మీ కుక్క పిడుదులు వాళ్ల గోడకు ఎక్కవు, వాళ్ల గోడ పిడుదులు మీ ఇంటికి రావు. తిరిగి వచ్చాక ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, తిండి మానేయడం, కాఫీ రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా ‘అలసిపోయి ఉంటుందిలే’ అనుకోకుండా ప్లేట్‌లెట్లతో సహా రక్తపరీక్ష చేయించండి.

విరేచనాల సంగతిలో కొంచెం ఓపిక కూడా కావాలి. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య రెండో రోజునో మూడో రోజునో జిగురుతో మెత్తగా వెళ్లడం చాలా కుక్కల్లో బెంగ వల్ల జరుగుతుంది, అది అంటురోగం కాదు. ఇంట్లో తినే తిండినే పొట్లాలు కట్టి పంపితే సగం సమస్య ఉండదు. అంటుకునేవాటిలో ఎక్కువగా చూసేది జియార్డియా. పేగుల్లో బతికే ఈ సూక్ష్మజీవి మలంతో గట్టి తిత్తుల రూపంలో బయటికి వచ్చి, తడి గచ్చు మీద, ఉమ్మడి నీళ్ల తొట్టిలో రోజుల తరబడి ఉంటుంది, ఎండితే చచ్చిపోతుంది. అందుకే నాకు ఉమ్మడి నీళ్ల తొట్టి, వేసవిలో పెట్టే ప్లాస్టిక్ ఈత తొట్టి రెండూ గిట్టవు. పొద్దున్నే పైపుతో నీళ్లు కొట్టి ఒక గది మలాన్ని పక్క గది గుండా కాలువలోకి తోసే పద్ధతి చాలాచోట్ల ఉంది. చూడటానికి అదీ శుభ్రంగానే కనిపిస్తుంది గానీ, నిజానికి ఒక కుక్క రోగాన్ని వరుసలో ఉన్న కుక్కలన్నింటికీ పంచిపెట్టడమే. ముందు ఎత్తి, తరువాత కడగాలి. ప్రతి గది కాలువకు వేరే దారి ఉండాలి. ఏలికపాములకు, కొంకిపురుగులకు మందు పెద్ద కుక్కకు మూడు నెలలకొకసారి పడుతూ ఉంటే, వెళ్లే ముందు ఒక మోతాదు చూసుకుంటే సరిపోతుంది.

ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, జనవరిలో కంటే వానాకాలంలో పెద్ద భయం. ఎలుకల మూత్రంతో కలిసిన నీళ్లు దీనికి దారి, మనుషులకు కూడా సోకుతుంది. మీరు వేయించే కలిపి ఉన్న టీకాలో ఇది ఉంటుంది, కానీ దీని రక్షణ ఏడాదికి మించి నమ్మదగినది కాదు. పార్వో, డిస్టెంపర్ టీకాలు పెద్ద కుక్కకు మూడేళ్లకు ఒకసారి చాలు అని చదివి మొత్తం టీకాలు మానేసినవారు ఈ ఒక్కదాన్ని మరిచిపోతున్నారు. బోర్డింగ్‌లో వండిన అన్నం, కోడిమాంసం రాత్రి మూత లేకుండా ఉంటే ఎలుకలు వస్తాయి. వంటచోటు కూడా చూపించమనండి. రేబీస్ టీకా సంగతి చెప్పనవసరం లేదనుకుంటాను. మీ పిల్లకు పన్నెండు వారాలు దాటగానే వేయించండి, బీగిల్‌ది ఏడాది దాటిందేమో చూడండి. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఇది ఉచితంగా వేస్తారు; పారిస్‌లో లూయీ పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలుడికి రేబీస్ టీకా ఇచ్చిన రోజు అది.

చర్మం సంగతి క్లుప్తంగా చెబుతాను. తామర, గజ్జి రెండూ దువ్వెన ద్వారా, వెంట్రుకలు కత్తిరించే యంత్రం ద్వారా అంటుతాయి, ఇంట్లో మనుషుల చేతులకు కూడా వస్తాయి. ఉచితంగా స్నానం, గ్రూమింగ్ చేసి పంపుతామంటే, పరికరాలు కుక్కకూ కుక్కకూ మధ్య శుద్ధి చేస్తున్నారో లేదో తెలియనంతవరకు వద్దనండి. ఏడాదిలోపు కుక్కల పెదవుల మీద గోబీపువ్వు లాంటి పులిపిర్లు వస్తే భయపడవద్దు, అవి సాధారణంగా వాటంతటవే రాలిపోతాయి, కానీ అవి ఉన్నన్నాళ్లు బొమ్మలు పంచుకోకూడదు. మీ లాబ్రడార్ పెద్దయ్యాక ఎదకు వచ్చిన రోజుల్లో మాత్రం ఎక్కడా వదలవద్దు. కలయిక వల్ల కణితి కణాలే ఒక కుక్క నుంచి మరొకదానికి అంటుకుని పెరిగే జబ్బు మన వీధి కుక్కల్లో మామూలుగా ఉంది.

బోర్డింగ్ వారిని అడగవలసిన ప్రశ్నల్లో నేను అన్నింటికంటే ముందు పెట్టేది ఒకటే: ‘ఈ రాత్రి రెండు గంటలకు ఒక కుక్క వాంతి చేసుకుంటే ఏం చేస్తారు?’ అని అడిగి ఊరుకోండి. మంచి చోటివాళ్లు వెంటనే దాన్ని ఏ గదికి మారుస్తారో, ఎవరు చూస్తారో, ఏ డాక్టరుకు ఫోన్ చేస్తారో, మీకు ఎప్పుడు చెబుతారో వరుసగా చెబుతారు. ‘మా దగ్గర అలా జరగదండీ’ అనేవాళ్ల దగ్గర కుక్కను వదలవద్దు. జరగని చోటు లేదు, చెప్పని చోట్లే ఉన్నాయి. జబ్బు కుక్కలను ఉంచే వేరు గది చూపించమంటే దుప్పట్లు, తిండి బస్తాలు పేర్చిన గది చూపిస్తే అది గిడ్డంగి. పనిమనిషి పొద్దున ముందుగా పిల్లల గదులు, తరువాత పెద్దవాటివి, చివరగా జబ్బు గది శుభ్రం చేయాలి. ఒకే మాపు, ఒకే చెప్పులు అన్నింటిలో తిరుగుతుంటే వేరు గది ఉన్నా లేనట్టే. డేకేర్‌కు రోజూ వచ్చే కుక్కలను, రాత్రి ఉండే కుక్కలను ఒకే గుంపులో ఆడించేచోట ప్రమాదం రెట్టింపు, ఎందుకంటే రోజూ వచ్చేవి రోజూ బయటి నుంచి కొత్తది తేగలవు. అయిదారు కుక్కల చిన్న గుంపులు, అవీ రోజూ మారకుండా ఉండే చోటు దొరికితే రెండు వందలు ఎక్కువైనా అక్కడే వదలండి. సంక్రాంతికి, దసరాకు ప్రతి చోటా ఉన్న గదులకంటే ఎక్కువ కుక్కలు చేరతాయి. ఎన్నింటి దగ్గర ఆపుతారో ఇప్పుడే అడగండి.

ఇప్పుడు మీ పిల్ల సంగతి. పన్నెండో వారం టీకా, రేబీస్ టీకా ఈ డిసెంబరులోనే వేయించండి. పదహారో వారం టీకాను జనవరి 11న హడావుడిగా వేయించి బయలుదేరవద్దు. ప్రయాణం, కొత్త చోటు, టీకా ఒకే రోజు పడితే, తరువాత జ్వరమొస్తే కారణమేదో తెలియదు. రెండు రోజుల ముందే అయినా సరే, వారం ఆలస్యంగా అయినా సరే వేయించండి, ముందే వేయిస్తే ఇరవై ఆరో వారం మోతాదు మాత్రం తప్పనివ్వవద్దు. టీకాలు పూర్తైన పెద్ద కుక్క ఉన్న, గత ఏడాదిగా పార్వో రాని బంధువుల ఇల్లు ఏదైనా ఉంటే అది బోర్డింగ్‌కంటే ఎంతో మేలు. లేదా మీ ఇంటికే వచ్చి చూసుకునే మనిషిని పెట్టుకోండి, ఆ మనిషి ఇంకొక ఇంట్లో జబ్బు పిల్లను చూసుకుంటున్నారా అని అడిగి, చెప్పులు బయటే విడిపించండి. అదీ కుదరకపోతే కారులో రాజమహేంద్రవరం తీసుకెళ్లండి, దారిలో దాబాల దగ్గర, పెట్రోలు బంకుల దగ్గర నేల మీద దించకుండా కొత్త ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద కూర్చోబెట్టండి. అక్కడ ఊళ్లో వీధి కుక్కలు తిరిగే చోట దాన్ని నడిపించకుండా మేడ మీదే ఉంచితే చాలు.

బీగిల్ 18న ఇంటికి వచ్చాక పిల్ల నుంచి రెండు వారాలు వేరుగా ఉంచడం మంచిది; కనీసం గిన్నెలు, పరుపులు వేరు చేసి, బీగిల్ మలం పడ్డ వెంటనే ఎత్తండి. ఇంటికి రాగానే దానికి స్నానం చేయించి, దాని బెల్టు, దుప్పటి వేడినీళ్లలో ఉతకండి. రోజుకొకసారి థర్మామీటర్ పెట్టి చూసే అలవాటు ఉంటే, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే, 103 దాటితే ఫోన్ చేయండి. దగ్గు మొదలైతే దాన్ని నేరుగా క్లినిక్ వరండాలోకి తీసుకురావద్దు, అక్కడ ఇంకొకరి పదకొండు వారాల పిల్ల టీకా కోసం కూర్చుని ఉంటుంది. ముందు ఫోన్ చేసి, కారులోనే ఉండండి. డాక్టరే బయటికి వచ్చి చూస్తారు. అలాగే బోర్డింగ్ వాళ్లకు కూడా ఆ రోజే చెప్పండి. కోపంతో కాదు, ఆ వారం అక్కడ ఉన్న మిగతా కుక్కల యజమానులకు వాళ్లు ఫోన్ చేయడానికి.